పిడి మాత్రం ఇత్తడి

ఈ కాగితాల మీద నేను రాయబోయే ప్రతి మాటా నిజం. తలస్నానం చేసి, తడిబట్ట ఆరకముందే, మార్కాపురం చెన్నకేశవస్వామి గాలిగోపురం వైపు తిరిగి ప్రమాణం చేసి మరీ మొదలుపెడుతున్నాను. నన్ను ఎరిగినవాళ్లు ఇక్కడికే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. నవ్వనివ్వండి. సంతల్లో నేను చెప్పిన కథలు సరుకు అమ్మడానికి చెప్పినవి. ఇప్పుడు నా దగ్గర అమ్మడానికి సరుకు లేదు.

పదిహేనేళ్ల పైచిలుకు నేను సేఫ్టీ రేజర్లు అమ్మాను. మార్కాపురంలో ఒక షావుకారు దుకాణం నుంచి సంచి భుజాన వేసుకొని బేస్తవారిపేట, కంభం, రాచర్ల, గిద్దలూరు, ఇటు పొదిలి, ఏ రోజు ఎక్కడ సంత ఉంటే అక్కడికి పోయేవాణ్ణి. రైలు ఉన్నంత దూరం రైలు, ఆపైన ఎద్దులబండి, అది కూడా దొరకని చోట కాళ్లు. ఇప్పుడు యుద్ధం ముగిసింది. మద్రాసులో మళ్లీ సరుకు దిగుతోంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు మా అరుగు మీద కూర్చొని, “ఎట్ల అమ్మల్ల మామా?” అని అడుగుతున్నారు. ఎట్లా అమ్మాలో రెండు నెలలు తిరిగితే మీకే వస్తుంది. ఏది అమ్మకూడదో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకని రాస్తున్నాను.

మెరుపు కింద ఏముంది

రేజరు అంటే మూడు ముక్కలు. పైన మూత, ఆ మూత కడుపులోంచి కిందికి దిగే మర. మధ్యలో దువ్వెన పళ్లలాంటి పళ్లున్న పలక. కింద పిడి. మూతకూ పలకకూ మధ్య బ్లేడు పెట్టి పిడి తిప్పితే మూడూ బిగుస్తాయి. బ్లేడును పట్టుకొని ఉండేది నిజానికి ఆ మర ఒక్కటే. కొనేవాడు పిడి మీది నగిషీ చూస్తాడు, పెట్టె చూస్తాడు, పెట్టెలో పరిచిన ఊదారంగు మఖమలు చూసి తడుముతాడు. మర చూసి కొన్నవాళ్లు నాకు ఒక చేతి వేళ్లన్ని మంది కూడా తగల్లేదు.

అల్యూమినియంది తేలిక. అందుకే మోసేవాడికి ముద్దు. కానీ మన పల్లెల్లో గడ్డానికని వేరే సబ్బు ఎవరు కొంటారు? బట్టలకు వాడే సోడా సబ్బే గడ్డానికీ. ఆ సోడా రోజూ తగిలితే అల్యూమినియం నల్లబడి గుంటలు పడుతుంది. పొదిలిలో పూటకూళ్లు నడిపే ఆయనకు ఒకటి అమ్మాను. ఏడాది తిరిగి మళ్లీ పోతే సంతంతా వినేట్టు పిలిచాడు.

“రా శెట్టీ, రా. ఇది నాకు గీస్తాందా, తనకు తాను గీసుకుంటాందా? నా గడ్డం అట్లనే ఉండాది గానీ ఇది మాత్రం దినదినం సన్నబడతాంది.”

బేకలైటు పిడి చేతికి వెచ్చగా, నునుపుగా ఉంటుంది. కానీ మన ఇళ్లలో కింద పరిచేది నాపరాయి. సబ్బు చేతిలోంచి ఒక్కసారి జారితే రెండు ముక్కలు. ఇనుముకు పూత వేసింది మొదట్లో బాగానే ఉంటుంది. దాన్ని కడిగి నీళ్లకుండ పక్కన గూట్లో పెడతారు. ఆ చెమ్మకు పూత కిందనుంచి తుప్పు లేస్తుంది.

ఇత్తడి మీద నికెలు పూత వేసిందే రేజరు. పూత పోయినా లోపలిది నిలబడుతుంది. ఎంత నిలబడుతుందంటే, కంభంలో ఒక జమేదారు చెరువు మెట్ల దగ్గర గడ్డం గీసుకుంటూ తన రేజరును నీళ్లలో జారవిడిచాడు. మూడేళ్ల తర్వాత వలలో ఒక జెల్లచేప పడితే దాని కడుపులో ఆ రేజరు దొరికింది. మర తిప్పితే నూనె వేసినట్టు తిరిగింది. బ్లేడు మాత్రం తుప్పుపట్టి పొడి అయింది, ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. చూసినవాళ్లందరినీ ఆశ్చర్యపరిచింది రేజరు కాదు. ఆ జెల్లకు మీసాలు లేవు.

చివరిది తుత్తునాగం, ఇంగ్లీషువాళ్లు జింకు అంటారు. దాన్ని కరిగించి అచ్చులో పోస్తే ఎంత సన్నని నగిషీ అయినా వస్తుంది. దాని మీద నికెలు పడితే ఇత్తడి కన్నా తెల్లగా మెరుస్తుంది. కంటికి తేడా తెలియదు. కొత్తలో చేతికీ తెలియదు. కానీ అది పోత లోహం, సాగే గుణం లేనిది. వంగడమంటే ఏమిటో దానికి తెలియదు, ఏకంగా విరుగుతుంది. పులుపు తగిలితే సున్నంలా కరిగిపోతుంది. నా జీవితంలో ఎక్కువగా అమ్మింది దాన్నే.

పలక మీద గీత

పలకలు చేసే ఊళ్లో పుట్టినవాణ్ణి. ఏ లోహమైనా నల్లపలక మీద గీస్తే దాని గుట్టు బయటపడుతుందని మా ఊళ్లో చిన్నప్పటి నుంచే తెలుసు. కంసాలి గీటురాయి ఎలాగో మాకు పలకముక్క అలాగ. రేజరు పిడి అడుగున, పూత పలచగా ఉండే అంచును పలకకు గట్టిగా రుద్దితే, పూత పోయి ఇత్తడి పసుపుపచ్చగా గీత పెడుతుంది. తుత్తునాగమైతే బూడిదరంగు గీత. మొదటి ఏడాది నుంచీ నా సంచిలో పలకముక్క లేకుండా సంతకు పోలేదు. జనం కూడా “గియ్యి, గియ్యి” అని గుమిగూడేవారు. గీత చూడటానికి వచ్చినవాళ్లే కొనేవాళ్లు.

అప్పట్లో మా దుకాణానికి వచ్చినవన్నీ ఇత్తడివే. తర్వాత ఒక కొత్త రకం దిగింది. పిడి ఇత్తడి. మూత, మర, పళ్ల పలక తుత్తునాగం. పైన ఒకే పూత. చవక, చూడముచ్చట. పెట్టె తెరవగానే నేను మూత కడుపును పలకముక్కకు రుద్ది, బూడిద గీతను షావుకారుకు చూపించాను.

మా షావుకారు చెడ్డవాడు కాదు. ఇంట్లో పనివాడికి జ్వరం వస్తే తాను కషాయం కాచి ఇచ్చే మనిషి. దుకాణం గడప దాటి లోపలికి వస్తే మాత్రం ఇంకొకడు. ఆ గీత వైపు చూడనైనా చూడలేదు.

“నిన్ను యాడ గియ్యమన్నారబ్బా జనం?”

“పిడి అడుగున.”

“మరి ఆడనే గియ్యి. అడగని చోట గీకేదానికి నీకేమన్నా దురదా?”

దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లకు చెప్పవలసిన మొదటి మాట ఇదే. మీ యజమాని మిమ్మల్ని అబద్ధం చెప్పమని ఎప్పుడూ అడగడు. నిజం ఎక్కడిదాకా చెప్పి ఆగాలో చెబుతాడు. ఆ ఆగడం చాలా హాయిగా ఉంటుంది. అబద్ధమాడానన్న బెంగ ఉండదు.

ఓబులేసు చెయ్యి

రాచర్లకు అవతల ఒక పల్లెలో ఓబులేసు అని మంగలి ఉండేవాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఊళ్లో అన్ని ఇళ్లకూ అతనే గీయాలి. పెళ్లికి, పురుటికి, చావుకు అతనే ఉండాలి. అందుకు కళ్లంలో పంట నూర్చినప్పుడు ఇంటింటివాళ్లూ కొలిచి పెట్టే గింజలే అతని మేర. అతనికీ భార్య నరసమ్మకూ ఏడాదంతా తిండి అదే. పిల్లలు లేరు.

రాచర్ల సంతలో అతను నా చుట్టూ మూడుసార్లు తిరిగి, జనం పలచబడ్డాక వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“శెట్టీ, దీంతో తెగదంటనే?”

“తెగదు మామా. పళ్లు అడ్డముంటాయి గదా. కళ్లు మూసుకొని గీసుకోవచ్చు.” ఆపైన నాకు అలవాటైన నోరు ఊరుకోలేదు. “అయినా నీకెందుకు ఇది? చేప వచ్చి ఈత నేర్పమన్నట్టుండాది.”

అతను నవ్వలేదు. చుట్టూ చూసి, కుడిచెయ్యి నా ముందు చాపాడు. వేళ్లు ఆకుల్లా ఆడుతున్నాయి.

“పోయిన వానలప్పటి నుంచి ఇట్లనే ఉండాది. కత్తి గొంతు కాడికి పోతే నాకే బయమేస్తాంది. మోచెయ్యి మోకాలికి ఆనించి ఎట్లనో గీస్తాండా. ఎవురికీ తెలీదు, మా ఆడదానికి తప్ప. తెలిస్తే మేర తీసేస్తారు శెట్టీ. ఇంగేం తినల్ల మేము?”

రేజరు చేతిలోకి తీసుకున్నాడు. నా కొనుగోలుదార్లలో ఎవరూ చేయని పని చేశాడు. పిడి తిప్పి విప్పి, మూతను బోర్లించి, మరను గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. నలభై ఏళ్లు ఉక్కుతో బతికిన మనిషి.

“ఇది ఏందో మొద్దుగా మోగుతాంది. ఏం లోకం ఇది?”

లోకం అంటే లోహం, వాళ్ల వాడుక. నేను పలకముక్క తీసి పిడి అడుగును రుద్దాను. పసుపుపచ్చ గీత పడింది.

“ఇత్తడి.”

“ఈ పైది?”

“అంతా ఒకే కాన్పు మామా. మీ ఇంట్లో చెంబు ఎట్లనో ఇదీ అట్లనే. చెంబును చూసుకున్నట్టు చూసుకో, నీ మనవడి దాకా వస్తాది.”

మనవలు లేని మనిషితో ఆ మాట అన్నాను. అతను ఆ మాట పట్టించుకోలేదు. చెంబు అన్న మాట విని కుదుటపడ్డాడు. తర్వాతి వారం ఒక పొట్టేలును అమ్మి వచ్చి రేజరు తీసుకుపోయాడు.

ఆ పల్లెలో అది పెద్ద సంబరం అయింది. ‘తాసిల్దారుకు గీసినట్టు గీస్తాండాడు మా ఓబులేసు’ అని మగవాళ్లు చెంపలు తడుముకున్నారట. వణుకు ఎవరికీ కనిపించలేదు. నేను ప్రతి సంతలో అతని కథ చెప్పాను. ‘కత్తి పట్టి పుట్టిన మంగలే కొన్నాడు, మీకేం?’ అని. ఆ ఒక్క మాటతో ఎన్ని అమ్ముడుపోయాయో.

వాగు ఒడ్డున పదోరోజు

ఏడెనిమిది నెలలకు ఆ ఊరి పెద్దిరెడ్డి తండ్రి పోయాడు. పదోరోజున వాగు ఒడ్డున కొడుకులకు గుండు గీయడం ఓబులేసు పని. అది అతని పని మాత్రమే కాదు, హక్కు. నేను అక్కడ లేను. రాచర్ల సంతలో ఆ ఊరివాళ్లు నలుగురు చెప్పారు. నలుగురి మాటలూ ఒక్కలాగే ఉన్నాయి కాబట్టి నమ్ముతున్నాను.

పెద్దిరెడ్డి తల ముందుకు వంచి కూర్చున్నాడు. ఓబులేసు ముందు కత్తెరతో జుట్టు పొట్టిగా తీసి, నీళ్లు పట్టించి, రేజరుతో నుదుటి నుంచి వెనక్కి గీశాడు. చెవి వెనక మలుపు దగ్గర కొంచెం ఒత్తాడు. మర విరిగింది. మూత ఎగిరి ఇసుకలో పడింది. పట్టు తప్పిన బ్లేడు పక్కకు తిరిగి చెవి వెనక నిలువునా దిగింది. ప్రాణానికి ముప్పు లేదు కానీ, తల మీది గాయం ఎంత కారుతుందో తెలుసు కదా. తండ్రికి పిండం పెట్టవలసిన చేతుల మీద, ఆ ఒడ్డున పెట్టిన విస్తరి మీద నెత్తురు చిందింది.

ఓబులేసు కంగారుగా పైగుడ్డతో గాయాన్ని అదిమాడు. అప్పుడు పెద్దిరెడ్డి ఆ చేతిని పట్టుకున్నాడు. పట్టుకొని వదల్లేదు.

“ఒరే, నీ చెయ్యి వణుకుతాంది.”

“బయానికి సామీ.”

“బయానికి గాదు. ఎన్నాళ్ల నుంచిరా? ఎన్నాళ్ల నుంచి ఈ చెయ్యి మా గొంతుల మీద పెడతాండావు?”

 మిగతా తలలు ఆ రోజు పక్క ఊరి మంగలి వచ్చి గీశాడు. ఆ ఏడు కళ్లాల్లో మేర కూడా అతనికే కొలిచారు. పెద్దిరెడ్డిని నేను తప్పుపట్టను. గొంతు అప్పగించి కూర్చునే మనిషికి ఆ చెయ్యి సంగతి తెలుసుకునే హక్కు ఉంది. కానీ మర విరగకపోతే ఆ చెయ్యి ఇంకో అయిదేళ్లు ఎవరినీ గాయపరచకుండా బతికేది. రేజరు ఉన్నదే అందుకు.

నరసమ్మ తెచ్చిన మూట

కళ్లాలు అయిపోయిన నెలకు నరసమ్మ మార్కాపురం వచ్చింది. దుకాణంలో షావుకారు, నేను, ఇద్దరమే ఉన్నాం. ఆమె గడప బయటే నిలబడి, చీరచెంగు ముడి విప్పి, రేజరు ముక్కలు అరుగు మీద పెట్టింది. పిడి బంగారంలా మెరుస్తోంది. మూత బూడిదరంగుకు తిరిగి, గుంటలు పడి, చెదలు తిన్న చెక్కలా ఉంది. మర మొదలు దగ్గర సగానికి సన్నబడి తెగింది.

“శెట్టీ, ఒక మాట అడిగి పోదామని వచ్చినా. నువ్వు చెంబులాగ చూసుకోమన్నావంట గదా. నేను దినమ్మూ చింతపండు పెట్టి తోమినా. చెంబు అట్లనే గదా తోమేది? మా ఆయప్ప ఇప్పుడు నువ్వే తోమి తోమి పాడు చేసినావు అంటాండాడు. కూడు తినేదానికి ముందు ఒకసారి, తిన్నంక ఒకసారి అంటాండాడు. పలకల గనికి పోయి రాళ్లు మోస్తాండాడు ఇప్పుడు. నేను తోమినందుకేనా విరిగింది?”

షావుకారు విసనకర్ర ఆపి నా వైపు చూశాడు.

నేను లేచి పలకముక్క తీశాను. ఆమె కళ్లెదుట మూత కడుపును రుద్దాను. బూడిద గీత. దాని పక్కన పిడి రుద్దాను. పసుపు గీత. “చూడు పెద్దమ్మా, ఇవి రెండూ ఒకటి గాదు. పైది తుత్తునాగం. నాకు తెలిసే ఇత్తడి అని చెప్పినా. ఇత్తడైతే నువ్వు వందేండ్లు చింతపండుతో తోమినా ఏం గాదు. నీ తప్పు లేదు, నాది. ఆ మాట నేనే వచ్చి మామతో చెప్తా” అన్నాను. షావుకారు ఏదో అనబోతే, సంచి తీసి ఆయన ముందు పెట్టి, గూట్లో మిగిలిన పాత ఇత్తడి రేజరు ఒకటి తీసి ఆమె చేతిలో ఉంచాను. ఆమెతో కలిసి రాచర్ల అవతలి వాళ్ల పల్లె దాకా పోయి ఓబులేసుకు అంతా చెప్పాను. అతను భార్య వైపు తిరిగి, “అన్నం పెట్టే, శెట్టికి గూడా” అన్నాడు. ఆ రోజుతో నేను ఈ పని వదిలేశాను.

ఏది కల్పించాను

ప్రమాణం చేసి మొదలుపెట్టాను కాబట్టి ఇది కూడా రాయాలి. మీ అనుమానం చేప మీద ఉంటుంది. చేప సంగతి చేపకూ నాకూ వదిలేయండి.

నేను కల్పించింది నరసమ్మ వచ్చిన రోజు గురించి పైన రాసిన ఆఖరి పేరా. షావుకారు విసనకర్ర ఆపి నా వైపు చూశాడన్నంత వరకు జరిగింది. ఆ తర్వాత నేను లేవలేదు. పలకముక్క తీయలేదు. ఆమెతో వాళ్ల పల్లెకు పోలేదు. ఓబులేసును మళ్లీ చూడనే లేదు. ఆపైన ఇంకా నాలుగేళ్లు అదే సంచి మోశాను. యుద్ధం వచ్చి ఓడలు ఆగిపోతే పని పోయింది, నేను వదిలింది కాదు.

ఆమె అడిగినదానికి నేను చెప్పిన జవాబు ఇది:

“పూత వేసినదాన్ని ఎవరన్నా చింతపండుతో తోముతారా పెద్దమ్మా? పులుపు తింటాది గదా.”

అందులో అబద్ధం లేదు. షావుకారు మళ్లీ విసురుకోవడం మొదలుపెట్టాడు.

ఆమె ముక్కల్ని ఒక్కొక్కటే తీసి చెంగులో కట్టుకుంది. “అయితే నేనే” అంది. మెట్టు దిగి, మళ్లీ వెనక్కి తిరిగింది.

“మరి దేంతో తోమల్ల శెట్టీ?”

“బూడిదతో.”

గుర్తుపెట్టుకుంటున్నట్టు తల ఊపి పోయింది.